54.8 నుంచి 19.2కి: సరిహద్దు జిల్లాలో ఒక డెస్క్‌టాప్ టెండర్ కేస్ స్టడీ

2021 డిసెంబర్ నెలాఖరులో ఒక సాయంత్రం గుణుపురం నుంచి ఫోన్. "బాబూ, మన దేశంలో తయారైన కంప్యూటర్లకి గవర్నమెంటు ఇరవై శాతం ఎక్కువ రేటు ఇస్తోందట కదా. నూట ఎనభై డెస్క్‌టాప్‌ల బిడ్ పడింది. ఎల్లుండి మధ్యాహ్నంతో క్లోజు. కాగితాలన్నీ రెడీ, నువ్వు అప్‌లోడ్ చేసేస్తే చాలు."

ఆయన నాకు చుట్టం కాదు. మా నాన్నగారి రోజుల నుంచి తెలిసిన మనిషి కాబట్టి బాబాయ్ అని పిలవడం అలవాటైంది. గుణుపురంలో కంప్యూటర్ల షాపు, పక్కనే చిన్న సర్వీస్ గది. నేను రాయగడలో ఉంటూ సప్లయర్లకు ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదిక జెమ్ పోర్టల్‌లో బిడ్లు వేయడం, టెండర్ కాగితాలు సరిచూడడం చేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. ఇప్పటికీ బజార్లో చాలా షాపుల్లో ఖాతా తెలుగులో రాస్తారు, కౌంటర్ దగ్గర బేరం ఒడియాలో చేస్తారు, ఆఫీసుకు ఉత్తరం ఇంగ్లీషులో పంపుతారు. రూల్స్ కూడా అలాగే మూడు భాషలు దాటి చెవిన పడతాయి. బాబాయ్‌కి చేరేసరికి ఈ "ఇరవై శాతం" ఎలా మారిపోయిందన్నదే ఈ కేసు.

కొన్న సంస్థ, తయారీ కంపెనీ, సప్లయర్ ఎవరో తెలియకుండా ఉండాలని పేర్లు రాయడం లేదు. ధరలు దగ్గరి అంకెకు సరిచేశాను, కూడికలు మాత్రం యథాతథం. కొనుగోలుదారు మా సరిహద్దు జిల్లాల్లో ఉన్న ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ.

అసలు ఆర్డర్‌లో ఏముంది

కేంద్ర ప్రభుత్వం 2017 జూన్ 15న కొనుగోళ్లలో మేక్ ఇన్ ఇండియాకు ప్రాధాన్యమిచ్చే ఆర్డర్ తెచ్చింది. దీనికి ఆధారం సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని రూల్ 153. 2020 జూన్ సవరణతో సప్లయర్లను మూడు తరగతులు చేశారు. వస్తువు విలువలో లోకల్ కంటెంట్ (మన దేశంలో చేరిన విలువ) 50 శాతం, ఆపైన ఉంటే క్లాస్-1. 20 నుంచి 50 లోపు ఉంటే క్లాస్-2. 20 లోపయితే నాన్-లోకల్. అంచనా విలువ 200 కోట్ల లోపున్న కొనుగోళ్లకు గ్లోబల్ టెండర్ పిలవరు కాబట్టి, వాటిలో నాన్-లోకల్ వాళ్లు బిడ్ వేయడానికే వీల్లేదు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఈ ఆర్డర్ వర్తించదు. మా బిడ్ అంచనా సుమారు 90 లక్షలు. పూర్తిగా దీని పరిధిలోనే ఉంది.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇది కేంద్ర శాఖలు, వాటి కింది సంస్థలు, కేంద్ర ప్రభుత్వ రంగ కంపెనీల కొనుగోళ్లకు. ఒడిశా ప్రభుత్వం తన సొంత డబ్బుతో కొనేవాటికి రాష్ట్ర నియమాలు వేరు. కలెక్టరేట్ టెండర్‌కి ఈ ఆర్డర్ నంబర్ వేసి ఉత్తరాలు రాసేవాళ్లను ఏటా చూస్తుంటాను.

ఇలాంటి ఆర్డర్ కంప్యూటర్లకు ఎందుకు కావలసి వచ్చిందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. కంప్యూటర్లు కట్టడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ 1967లో మొదలై, కొద్ది సంవత్సరాల్లోనే సొంత కంప్యూటర్లు తయారు చేసింది. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లాక దేశీ కంపెనీలు ఆ ఖాళీలో పెరిగాయి. తర్వాత 1997లో మనం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాం. దాని ప్రకారం 2005 నాటికి కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం సున్నా అయింది. సుంకం వేసి దేశీ తయారీని కాపాడే దారి అక్కడితో మూసుకుపోయింది. మిగిలిన పెద్ద దారి ప్రభుత్వం తాను కొనే వస్తువులే. ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందానికి మనం పరిశీలకులమే కానీ సభ్యులం కాదు, కాబట్టి సొంత తయారీదారులకు ముందు చోటు ఇవ్వడానికి ఆ ఒప్పందం అడ్డురాదు. 2012లోనే ఎలక్ట్రానిక్ వస్తువుల కోసం ఇలాంటి విధానం ఒకటి తెచ్చారు. 2017 ఆర్డర్ దాన్ని అన్ని వస్తువులకూ విస్తరించింది.

నేను ఈ విధానాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అందుకే దాని పేరుతో తప్పుడు కాగితం చూస్తే నాకు బాధేస్తుంది.

ఖాళీ గడి ఉన్న లెటర్‌హెడ్

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గుణుపురం వెళ్లాను. బాబాయ్ ఫైల్ ముందు పెట్టారు. హైదరాబాద్ శివార్లలో డెస్క్‌టాప్‌లు అసెంబుల్ చేసే చిన్న కంపెనీ ఒకటి ఆయనకు అథరైజేషన్ లెటర్ ఇచ్చింది. దాంతోపాటు లోకల్ కంటెంట్ డిక్లరేషన్ కూడా పంపింది. లెటర్‌హెడ్ ఉంది, సంతకం ఉంది, రబ్బరు స్టాంపు ఉంది. శాతం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ.

"ఇదేంటి బాబాయ్?"

"మీకు కావలసింది నింపుకోండి అన్నారు. మన బిల్లులు చూసి లెక్క కట్టాను. 54.8 వచ్చింది. రాసెయ్."

విలువ ఎక్కడ చేరిందో రాయాల్సిన చోట గుణుపురం షాపు అడ్రస్ రాసి ఉంది. ఆ షాపులో పెట్టెలు విప్పుతారు, ప్లగ్గు పెట్టి చూస్తారు. అక్కడ మెషీన్ తయారు కాదు.

ఆయన మోసం చేయాలని కూర్చున్న మనిషి కాదు. బిల్లు మన దేశంలో పడితే సరుకు మన దేశానిదే అని నిజంగా నమ్మారు. ఆయన లెక్క ఇదీ. జీఎస్టీ కాకుండా అమ్మకం ధర 46,000. విదేశీవని ఆయన ఒప్పుకున్నవి ప్రాసెసర్ 9,500, విండోస్ లైసెన్స్ 6,500, ర్యామ్ 2,200, ఎస్ఎస్‌డీ 2,600. మొత్తం 20,800. ధరలో ఇది 45.2 శాతం. మిగతా 54.8 లోకల్.

స్క్రూడ్రైవర్ అడిగాను. శాంపిల్ మెషీన్ బల్ల మీద పడుకోబెట్టి పక్క తలుపు తీశాం. లోపల దుమ్ము కూడా లేని కొత్త మదర్‌బోర్డు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే, రూపాయి బిళ్లంత బ్యాటరీకి కాస్త కింద తెల్లటి చిన్న అక్షరాల్లో "మేడ్ ఇన్ చైనా" అని అచ్చు వేసి ఉంది. హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్ బిల్లు 5,200. "బిల్లులో మన జీఎస్టీ ఉంది కదా బాబూ" అన్నారు. బిల్లు ఎవరు రాశారన్నది కాదు, బోర్డు ఎక్కడ పుట్టిందన్నదే లెక్క అని చెప్పాను. సుంకంతో సహా దిగుమతి విలువను మొత్తం ధరలోంచి తీసేస్తే మిగిలేదే లోకల్ కంటెంట్. మధ్యలో ఎన్ని చేతులు మారినా దిగుమతి దిగుమతే.

పవర్ సప్లై తిప్పి చూశాం. దాని స్టిక్కర్ కూడా అదే చెప్పింది. క్యాబినెట్, పవర్ సప్లై కలిపి 2,400. అందులో రేకు డబ్బా 1,000 మనదే, 1,400 బయటిది. కీబోర్డు, మౌస్ 700 బయటివే. మానిటర్ వెనక బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ చూపించి, "ఇది మాత్రం పక్కా ఇండియన్" అన్నారు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ నంబర్ భద్రతా పరీక్షకు సంబంధించింది. విదేశీ ఫ్యాక్టరీ కూడా తీసుకోవచ్చు. ఆ మానిటర్ నిజంగానే మన దేశంలో అసెంబుల్ చేసిందే, కానీ దాన్ని తయారు చేసినవాళ్ల డిక్లరేషన్ ప్రకారం లోకల్ కంటెంట్ 30 శాతం. 6,800లో 4,760 బయటిదే అన్నమాట.

నేను తెల్ల కాగితం మీద కూడుతూ పోయాను, ఆయన కళ్లద్దాలు సర్దుకుంటూ చూస్తూ కూర్చున్నారు. బోర్డు కలిపితే లోకల్ కంటెంట్ 43.5కి వచ్చింది. అక్కడే క్లాస్-1 పోయింది. పవర్ సప్లై, మానిటర్, కీబోర్డు, మౌస్ కూడా కలిపితే దిగుమతి 32,860. లోకల్ 28.6.

ఇంకో మెట్టు మిగిలింది. ధరలో 4,300 రవాణా, ఇన్‌స్టలేషన్, మూడేళ్ల వారంటీ సర్వీస్ కోసం పెట్టింది. ఆయన దీన్ని లోకల్ విలువలో కలిపారు. ఘాట్ రోడ్డెక్కి మెషీన్ దింపేదీ, రిపేరుకు వెళ్లేదీ ఆయనే కదా, అది లోకల్ కాకపోతే ఇంకేది లోకల్? మనిషిగా ఆయన అడిగింది న్యాయమే. కానీ పరిశ్రమల ప్రోత్సాహక శాఖ 2021 మార్చి 4న ఒక వివరణ ఇచ్చింది. దిగుమతి చేసిన వస్తువు ఇచ్చేవాళ్లు రవాణా, బీమా, ఇన్‌స్టలేషన్, ట్రైనింగ్, అమ్మిన తర్వాతి సర్వీస్ లాంటివి చూపించి లోకల్ సప్లయర్‌నని చెప్పుకోవడానికి వీల్లేదు. మాది అచ్చంగా దిగుమతి వస్తువు కాదు, ఇక్కడ అసెంబుల్ చేసిందే. అయినా లోపల అంత భాగం బయటిదైనప్పుడు ఆ 4,300 మీద ఆధారపడి సంతకం పెట్టకూడదన్నది నా పద్ధతి. అది తీసేస్తే మిగిలింది 8,840. శాతంలో 19.2.

అంటే క్లాస్-1 మాట అలా ఉంచండి, క్లాస్-2 కూడా కాదు. ఆ బిడ్‌లో అడుగు పెట్టడానికే అర్హత లేదు.

బాబాయ్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది. చివరికి, "ఎవరు చూస్తారు బాబూ?" అన్నారు.

ఆ ప్రశ్న తేలిగ్గా తీసుకునేది కాదు. 10 కోట్లు దాటిన కొనుగోళ్లకైతే ఆడిటర్ లేదా కాస్ట్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి. దానికి లోపు సొంత డిక్లరేషన్ చాలు. కాబట్టి లోపలికి వెళ్లే దారిలో నిజంగా ఎవరూ చూడరు. చూసేది తర్వాత, ఓడిపోయినవాళ్లు ఫిర్యాదు చేసినప్పుడు. అబద్ధపు డిక్లరేషన్ అంటే నియమావళిలోని రూల్ 175 ప్రకారం నిజాయితీ నియమాన్ని ఉల్లంఘించినట్టు. రూల్ 151 కింద రెండేళ్ల దాకా నిషేధించవచ్చు. ఈ బిడ్ కోసం ఆయన మిగతా వ్యాపారమంతా పణంగా పెట్టినట్టవుతుంది. టోనర్లు, యూపీఎస్ బ్యాటరీలు, ప్రింటర్ల ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులు, అన్నీ ప్రభుత్వ ఆఫీసుల మీదే నడుస్తున్నాయి.

ఇరవై శాతం అంటే ఎక్కువ రేటు కాదు

రెండో పొరపాటు ఇంకా లోతైనది. నాకు తెలిసిన చిన్న సప్లయర్లలో ఎక్కువమంది ఇదే అనుకుంటున్నారు కాబట్టి వివరంగా రాస్తాను.

ప్రభుత్వం దేశీ సరుకుకు ఇరవై శాతం ఎక్కువ ఇవ్వదు. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు, అంటే ఎల్-1, క్లాస్-1 సప్లయర్ అయితే ఆర్డరంతా అతనికే. కాకపోతే, మా బిడ్‌లాగా విభజించగల వస్తువైతే సగం ఎల్-1కి పోతుంది. మిగతా సగానికి, ఎల్-1 ధర మీద 20 శాతం లోపల ఉన్న క్లాస్-1 వాళ్లలో అందరికంటే తక్కువ కోట్ చేసినవాడిని పిలుస్తారు. పిలిచి, "ఎల్-1 ధరకే ఇస్తావా?" అని అడుగుతారు. ఇస్తానంటే సగం ఆర్డర్. లేదంటే తర్వాతి క్లాస్-1 వాడిని అడుగుతారు. ఇరవై శాతం అనేది ఆ పిలుపు అందే దూరం. డబ్బు మాత్రం ఎల్-1 రేటుకే వస్తుంది.

ఇప్పుడు మా అంకెలు పెట్టి చూడండి. జెమ్‌లో ధర పన్నుతో కలిపి వేస్తారు. 46,000 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే బాబాయ్ కోట్ 54,280. తర్వాత ఫలితాల్లో చూస్తే ఎల్-1 ధర 48,380, అంటే పన్ను లేకుండా 41,000. 20 శాతం కలిపితే 58,056. బాబాయ్ కోట్ లోపలే ఉంది. బిడ్ వేసి ఉంటే, ఆ 54.8 నిజమై ఉంటే, 90 మెషీన్లకు పిలుపు వచ్చే అవకాశం ఉండేదనుకోండి. మరి 41,000కి ఇవ్వగలరా? విడిభాగాలన్నీ కలిపి 35,900. అసెంబ్లీ, టెస్టింగ్, ప్యాకింగ్ 1,800. సర్వీస్, రవాణా 4,300. మొత్తం 42,000. లాభం, షాపు అద్దె, వడ్డీ ఏమీ కలపకుండానే మెషీన్‌కి వెయ్యి నష్టం. 90 మెషీన్లకు 90 వేలు.

దీంట్లో ఇంకో చిక్కుంది. లోకల్ కంటెంట్ లెక్కలో లాభం కూడా లోకల్ వైపే ఉంటుంది. ఎల్-1 ధరకు దిగితే ముందుగా తరిగేది ఆ లాభమే. దిగుమతి భాగం రూపాయి కూడా తగ్గదు. బాబాయ్ మొదటి లెక్కనే తీసుకోండి. 20,800 దిగుమతి 46,000లో 45.2 శాతం అయితే, 41,000లో 50.7 శాతం. లోకల్ 49.3కి పడిపోతుంది. ఏ ధరకు కోట్ చేశారో ఆ ధర దగ్గర క్లాస్-1, ఏ ధరకు సరుకు ఇస్తారో ఆ ధర దగ్గర క్లాస్-2. అందుకే ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి కేసులో రెండు శాతాలు కడుతున్నాను. ఒకటి కోట్ ధర మీద. రెండోది ఆ సప్లయర్ దిగిరాగల ఆఖరి ధర మీద. రెండో అంకె గీత దాటి కిందికొస్తే డిక్లరేషన్‌లో కింది తరగతే రాయిస్తాను.

ఆ బిడ్ వేయలేదు. ఫలితం చూస్తే 90 మెషీన్లు ఎల్-1కి, మిగతా 90 బాబాయ్ కంటే తక్కువ కోట్ చేసిన ఒక క్లాస్-1 కంపెనీకి వెళ్లాయి. అబద్ధం రాసినా పిలుపు ముందు వాళ్లకే వెళ్లేది.

తప్పు ఎక్కడ మొదలైంది

ఫైల్ మూసేశాక హైదరాబాద్ కంపెనీ అకౌంటెంట్‌కి ఫోన్ చేశాను. ఖాళీ డిక్లరేషన్ పంపడం ప్రమాదమని చెప్పాను. ఆయన మొదట చిరాకు పడ్డారు. సంతకం మీదే కాబట్టి నిషేధం కూడా మీకే వస్తుందనేసరికి ఓనర్ లైన్లోకి వచ్చారు. వాళ్ల దగ్గర విడిభాగాల జాబితా ఉంది కానీ ఏ భాగం ఎక్కడిదో రాసిన కాలమ్ లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదట. ఏటా ఎన్నో బిడ్లలో తమ మెషీన్లు పెట్టే కంపెనీని ఒక్క కొనుగోలుదారు కూడా ఆ జాబితా అడగలేదంటే ఆశ్చర్యమేసింది. డిక్లరేషన్‌తోపాటు ఒక పేజీ విడిభాగాల పట్టిక, భాగం పేరు, ధర, పుట్టిన దేశం, ఇంతే అడిగితే అబద్ధం సగం అక్కడే ఆగిపోతుంది. కొనే సంస్థలు దీన్ని తప్పకుండా చేయాలి. అబద్ధం రాసిన అసెంబ్లర్ గెలిచినప్పుడల్లా, నిజంగా బోర్డు మీద చిప్పులు అతికించే యూనిట్ పెట్టిన ఇంకో దేశీ తయారీదారు ఓడిపోతున్నాడు. ప్రభుత్వం ఈ ఆర్డర్ తెచ్చింది అతని కోసం.

ఓనర్‌తో నెల రోజుల పాటు ఫోన్లోనే పని నడిచింది. బోర్డు మన దేశంలో చిప్పులు అతికించి తయారు చేసేది దొరికింది. ధర 5,600, అందులో బయటిది 3,080. ర్యామ్, ఎస్ఎస్‌డీ చిప్పులు బయటివే అయినా కార్డు ఇక్కడ కట్టేవాళ్లు దొరికారు. క్యాబినెట్, పవర్ సప్లై మార్చారు. మానిటర్ 40 శాతం లోకల్ ఉన్నది తీసుకున్నారు. ప్రాసెసర్‌కి ప్రత్యామ్నాయం లేదు, 9,500 పూర్తిగా బయటిదే. విండోస్ కాకుండా అన్నీ కలిపితే దిగుమతి 21,680.

విండోస్ లైసెన్స్ సంగతి వేరే దారిలో తేలింది. అదే సంస్థ ఇంకో విభాగానికి 80 డెస్క్‌టాప్‌లు కొనబోతోందని 2022 వేసవిలో తెలిసింది. మొదట అప్‌లోడ్ చేసిన స్పెసిఫికేషన్‌లో ప్రాసెసర్ కంపెనీ పేరుతో సహా ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పేరు పెట్టి అడిగారు. ఆర్థిక నియమావళిలోని రూల్ 144 ప్రకారం స్పెసిఫికేషన్ పనితీరును బట్టి ఉండాలి, ఫలానా బ్రాండ్ కావాలని అడగకూడదు. ఆ రూల్ చూపిస్తూ పోర్టల్‌లో మర్యాదగా ఒక విజ్ఞప్తి పెట్టి, తర్వాత నేరుగా వెళ్లి కలిశాం. కొనుగోళ్లు చూసే అధికారి ఓపిగ్గా విన్నారు. ల్యాబ్‌లో ఏం వాడతారని అడిగితే, పక్క గదిలోంచి ఒక టీచర్‌ని పిలిచారు. ఆయన తడుముకోకుండా "అన్నీ లినక్స్ మీదే నడుపుతున్నాం, విండోస్ తీసేసి మళ్లీ లినక్స్ ఎక్కిస్తాం" అన్నారు. మెషీన్‌కి ఆరున్నర వేలు పెట్టి కొని, మొదటి రోజే తీసేస్తున్నారు! స్పెసిఫికేషన్ సవరించారు. ఈ కేసులో నాకు ఎక్కువ సంతృప్తి ఇచ్చిన రోజు అదే.

బాబాయ్ కుర్చీ మారింది

విండోస్ లేకుండా కొత్త ధర 41,500. సర్వీస్ 4,300 పక్కన పెట్టి కట్టినా లోకల్ కంటెంట్ 37.4. క్లాస్-1 కాలేదు. ప్రాసెసర్ ఒక్కటే ధరలో నాలుగో వంతు దాకా తినేస్తుంటే, అసెంబ్లీ మీద బతికే చిన్న కంపెనీకి 50 అందడం చాలా కష్టం. దాన్ని దాచి లాభం లేదు. కానీ క్లాస్-2గా దర్జాగా నిలబడవచ్చు.

మరి ప్రాధాన్యం ఎలా? దానికి ఇంకో ఆర్డర్ ఉంది, 2012 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల కొనుగోలు విధానం. ఏటా కొనుగోళ్లలో కనీసం 25 శాతం ఆ పరిశ్రమల నుంచి కొనాలి. ఎల్-1 ధర మీద 15 శాతం లోపల ఉన్న చిన్న పరిశ్రమ ఆ ధరకు దిగివస్తే కొంత వాటా ఇస్తారు. ఇక్కడ కూడా రేటు ఎల్-1దే. అయితే ఇది తయారీదారుకే, కొని అమ్మేవాళ్లకు కాదు. బాబాయ్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉంది కానీ వ్యాపారి కింద. హైదరాబాద్ కంపెనీది తయారీ కింద ఉంది.

అందుకే కంపెనీయే నేరుగా బిడ్ వేయాలని, బాబాయ్ సర్వీస్ భాగస్వామిగా ఉండాలని చెప్పాను. ఆయనకు ఇది మింగుడుపడలేదు. "ముప్ఫై ఏళ్లుగా నా పేరు మీద టెండర్ వేశాను, ఇప్పుడు ఇంకొకళ్ల కింద పని చేయాలా?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆయన పేరుకు ఈ ఊళ్లో విలువుంది. కానీ ఆ రూల్ చూసేది ఎవరు తయారు చేశారన్నదే. ఘాట్ పైకి రెండు రోజుల్లో చేరగల మనిషి ఎవరన్నది కొనేవాళ్లకు ముఖ్యం, ఆ భాగం ఆయన చేతుల్లోంచి ఎవరూ లాక్కోలేరు. రెండు వారాలు ఆలోచించి సరేనన్నారు. మెషీన్‌కి సర్వీస్ కింద ఆయనకు ఎంత, ఎప్పుడు అన్నది స్టాంపు కాగితం మీద రాయించాను. నోటి మాటకు వదిలితే ఇలాంటి ఒప్పందాలు రెండో ఏడాదికే చెడతాయి.

ఎల్-1 ధర పన్నుతో 43,660 వచ్చింది, అంటే పన్ను లేకుండా 37,000. ఆ ఎల్-1 ఒక క్లాస్-1 కంపెనీయే, చిన్న పరిశ్రమ కాదు. 15 శాతం గీత 50,209. మా కోట్ 48,970, లోపలే ఉంది. 37,000కి ఇస్తే విడిభాగాలు 30,550, అసెంబ్లీ 1,800, సర్వీస్ 4,300 పోను మెషీన్‌కి 350 మిగులుతుంది. లోకల్ కంటెంట్ 29.8కి తగ్గుతుంది కానీ క్లాస్-2 గీత పైనే ఉంటుంది. ఓనర్ ఒప్పుకున్నారు. కేంద్ర సంస్థకు సరఫరా చేసిన రికార్డు ఆయనకు కావాలి. 80లో 25 శాతం, 20 మెషీన్లు మాకు వచ్చాయి. మిగతా 60 ఎల్-1కి.

ఈ రెండు ఆర్డర్లూ ఒకే బిడ్‌లో ఎదురుపడితే ఏది ముందు అన్న గందరగోళం అప్పట్లో చాలా ఉండేది. 2023 మేలో ఆర్థిక శాఖ ఇచ్చిన వివరణతో అది తీరింది. ఇప్పుడు ఇలాంటి కేసు చూసేవాళ్లు ముందు ఆ వివరణ చదవాలి.

సరుకు దిగిన తర్వాత

మెషీన్లు జూలైలో వచ్చాయి, ముసురు పట్టిన వారంలో. బాబాయ్ టార్పాలిన్ రెండు పొరలు కప్పించి, వ్యాన్ ముందు సీట్లో తానే కూర్చుని ఘాట్ ఎక్కారు. ఇన్‌స్టలేషన్ రెండు రోజులు పట్టింది. మొదటి నెలలోనే వోల్టేజ్ ఎక్కువ తక్కువలకు రెండు పవర్ సప్లైలు కాలిపోయాయి. పొద్దున ఫోన్ వస్తే, షాపులో విడిగా ఉంచిన రెండూ సంచిలో వేసుకుని అదే రోజు బస్సెక్కి వెళ్లి మార్చి వచ్చారు. ఆ సాయంత్రం ల్యాబ్ టీచర్ ఆయన ఫోన్ నంబర్ గోడ మీద రాయించారట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న ఆనందం బిడ్ గెలిచిన రోజు కూడా వినలేదు.

సరుకు అందినట్టు కొనుగోలుదారు పోర్టల్‌లో ఇవ్వాల్సిన సర్టిఫికెట్ కొద్దిగా ఆలస్యమైంది. సర్వీస్ డబ్బు మొదటి విడత కంపెనీ నుంచి రాయించుకున్న తేదీకే వచ్చింది.

2024 జూలైలో 2017 నాటి మేక్ ఇన్ ఇండియా ఆర్డర్‌ను మళ్లీ సవరించారు. దేశంలోనే రీసెల్లర్ దగ్గర కొన్న దిగుమతి సరుకు, విదేశాలకు కట్టే లైసెన్స్ ఫీజు లోకల్ లెక్కలోకి రావని అందులో నేరుగా రాశారు. ఆ పేజీ ప్రింట్ తీసి గుణుపురం తీసుకెళ్లాను. బాబాయ్ ఒక లైన్ కింద పెన్సిల్‌తో గీత గీసి, "ఆ రోజు బోర్డు మీద చూపించావే, అదే కదా ఇది" అన్నారు. ఆ వారమే కంపెనీ నుంచి కొత్త పట్టిక తెప్పించారు. ప్రతి విడిభాగానికి ఎదురుగా పుట్టిన దేశం, దానికి ఆధారమైన కాగితం నంబర్ ఉన్నాయి. ప్రాసెసర్ గడిలో మాత్రం ఇప్పటికీ బయటి దేశం పేరే ఉంది.